‘ఆన్‌లైన్ ఉందిగా!’ అంటే సరిపోదు

సదస్సుకు వెళ్తానని సెలవు అడిగితే ‘ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు కదా మేడమ్’ అంటారు. ప్రయాణ ఖర్చులు అడిగితే అదే మాట. లైబ్రరీకి జర్నళ్లు తెప్పించమన్నా అదే మాట. పొద్దుపోయేదాకా లాబ్‌లో పనిచేసే అమ్మాయిలను హాస్టల్‌కు చేర్చడానికి బండి ఏర్పాటు చేయమన్నా, పసిపిల్లల తల్లుల కోసం క్రెష్ పెట్టమన్నా ‘ఇప్పుడంతా ఇంటి నుంచే చేసుకోవచ్చు’ అన్న జవాబు సిద్ధంగా ఉంటోంది. కడుపునొప్పికీ కాలినొప్పికీ ఒకే మాత్ర చేతిలో పెట్టే వైద్యుణ్ణి మనం నమ్మం. మన విశ్వవిద్యాలయాలు, పరిశోధనా సంస్థలు మాత్రం మహిళా శాస్త్రవేత్తల సమస్యలన్నిటికీ ఇంటర్నెట్ అనే ఒకే మాత్రను పంచిపెడుతున్నాయి.

ఆన్‌లైన్ బృందాలకు ఈ వ్యాసం వ్యతిరేకం కాదని ముందే చెప్పాలి. ఎక్కడెక్కడో ఒంటరిగా పనిచేసుకుంటున్న స్త్రీలు ఒకరికొకరు తెలియడానికి, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవడానికి అవి చేసిన మేలు చిన్నది కాదు. కానీ ఆ బృందాలను ఏ సంస్థా దయతలచి ఇవ్వలేదు. స్త్రీలే తమ రాత్రుళ్లు ఖర్చుపెట్టి కట్టుకున్నారు. బయట తలుపులు మూసి ఉన్నాయి కాబట్టి కట్టుకున్నారు. ఇప్పుడు వాటినే చూపించి, ఆ తలుపులు మూసే ఉంచుతామంటే ఎలా ఒప్పుకుంటాం?

శాస్త్రం అంతా పుస్తకాల్లోనే ఉంటుందనుకునేవాళ్లు లాబ్‌లో ఎన్నడూ పనిచేసి ఉండరు. పరిశోధనా పత్రంలో ‘మిశ్రమాన్ని రాత్రంతా కలియబెట్టాము’ అని ఒక్క ముక్క ఉంటుంది. ఆ రసాయనం సీసా మూత తీసి నెల దాటితే పనికిరాదన్న సంగతి అందులో ఉండదు. దాన్ని పక్క లాబ్ సీనియర్ టీ తాగుతూ చెబుతాడు. ఏ ఫెలోషిప్‌కు ఎప్పుడు దరఖాస్తు పెట్టాలి, పత్రం తిప్పికొట్టిన సమీక్షకుడికి ఏ మర్యాదతో జవాబు రాయాలి, ఏ ప్రొఫెసర్ దగ్గర పోస్ట్‌డాక్ ఖాళీ రాబోతోంది, ఏ ప్రొఫెసర్ గదిలోకి ఒంటరిగా వెళ్లకూడదు - ఇవన్నీ నోటి మాటగానే నడుస్తాయి. శాస్త్రవేత్తలు శాస్త్రవేత్తలుగా తయారయ్యేది సగం తరగతిలో అయితే మిగతా సగం ఈ మాటల్లోనే.

ఆ మాటలు నడిచే చోట్లు ఏవి? కాంటీన్, క్యాంపస్ గేటు బయట టీ బడ్డీ, మగపిల్లల హాస్టల్ మేడ, సదస్సు ముగిశాక రాత్రి పార్టీ. ఆడపిల్లల హాస్టల్ గేటు మాత్రం చీకటి పడగానే మూతపడుతుంది. గేటు వేళల మీద ఢిల్లీ విద్యార్థినులు 2015లో ‘పింజ్రా తోడ్’ ఉద్యమం మొదలుపెట్టినప్పుడు చాలామంది దాన్ని షికార్లకు సంబంధించిన గొడవగా చూశారు. అది లైబ్రరీకీ, లాబ్‌కూ, ఆ టీ బడ్డీ దగ్గర జరిగే చర్చకూ సంబంధించిన గొడవ అని వాళ్లకు తట్టలేదు. పెళ్లయిన శాస్త్రవేత్త సంగతి చెప్పనే అక్కర్లేదు. ఐదున్నర దాటాక ఆమె లాబ్‌లో ఉంటే ఇంట్లో అడుగుతారు, ఐదున్నరకే వెళ్లిపోతే లాబ్‌లో అంటారు.

ఈ వెలి కొత్తది కాదు. పారిస్‌లో 1794లో ఎకోల్ పాలిటెక్నిక్ ప్రారంభమైనప్పుడు అందులో స్త్రీలకు ప్రవేశం లేదు. సోఫీ జెర్మెన్ అనే యువతి అక్కడి పాఠాల నోట్సు సంపాదించి చదువుకుని, ‘మొస్యూ ల బ్లాంక్’ అనే మగపేరుతో గణిత శాస్త్రజ్ఞుడు లాగ్రాంజ్‌కు తన రాతలు పంపింది. 1804 నుంచి జర్మనీలోని గౌస్‌తో అదే పేరుతో ఉత్తరాలు నడిపింది. ఆమె స్త్రీ అని గౌస్‌కు తెలిసేసరికి 1807 వచ్చింది. ఇవాళ గణితమో కంప్యూటర్ శాస్త్రమో చర్చించే చోట మగపేరు పెట్టుకునో, అసలు పేరే లేకుండానో ప్రశ్న అడిగే అమ్మాయిలు ఎందరో ఉన్నారు. ఆడపేరుతో అడిగితే జవాబు కన్నా ముందు వేరే సందేశాలు వస్తాయని వాళ్లకు తెలుసు. రెండు వందల ఏళ్లు గడిచినా పేరు దాచుకోవలసిన అగత్యం పోలేదు!

మన దేశం సంగతి చూద్దాం. 1933లో బొంబాయి విశ్వవిద్యాలయంలో మొదటి స్థానంలో పట్టా తీసుకున్న కమలా భాగవత్ (తర్వాత కమలా సొహోనీ) బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు దరఖాస్తు పెడితే, స్త్రీ అన్న కారణంతో సి.వి. రామన్ కాదన్నారు. ఆమె పట్టుబట్టాక షరతుల మీద చేర్చుకున్నారు. ఆమె ఉండటం వల్ల మగ విద్యార్థుల దృష్టి చెదరకూడదన్నది ఒక షరతు! దృష్టి చెదిరేది వాళ్లకట, షరతు ఈమెకట. 1939లో ఆమె కేంబ్రిడ్జిలో పిహెచ్‌డి పూర్తిచేసింది.

రామన్ లాబ్‌లోనే 1940లో చేరిన అన్నా మణి వజ్రాల మీద, కెంపుల మీద పరిశోధన చేసి అయిదు పత్రాలు ప్రచురించింది. ఎం.ఎస్‌సి. లేదన్న సాకుతో మద్రాసు విశ్వవిద్యాలయం ఆమెకు పిహెచ్‌డి ఇవ్వలేదు. ఈ అన్యాయం గురించి కొందరికైనా తెలుసు. అంతగా తెలియనిది ఇంకొకటి ఉంది. రామన్ శిష్యబృందంపై పరిశోధన చేసిన అభా సూర్ రాసినదాన్ని బట్టి, ఆ లాబ్‌లో స్త్రీలు తోటి మగ పరిశోధకులతో కలిసి మాట్లాడుకోవడానికి వీల్లేని కట్టడి ఉండేది. అంటే పరికరాలు ఇచ్చారు, బల్ల ఇచ్చారు, మాట ఇవ్వలేదు. పక్కవాళ్లతో వాదించి తప్పులు దిద్దుకునే అవకాశమే లేకుండా ఏళ్ల తరబడి ఒంటరిగా పనిచేయడం ఎలాంటిదో పరిశోధన చేసినవాళ్లకు వేరే చెప్పాలా? రామన్‌కు 1930లో వచ్చిన నోబెల్ గౌరవాన్ని ఎవరూ తగ్గించనక్కర్లేదు. ఆ లాబ్‌లో ఎవరు ఎవరితో మాట్లాడగలిగారన్నది కూడా చరిత్రే అంటున్నాం, అంతే.

ఇక మన తెలుగింటి కథ ఒకటి. అయ్యలసోమయాజుల లలిత 1919లో మద్రాసులో ఒక తెలుగు కుటుంబంలో పుట్టింది. పదిహేనో ఏట పెళ్లి. పద్దెనిమిదో ఏట, కూతురుకు నాలుగు నెలలు నిండేసరికి భర్త పోయాడు. ఆ రోజుల్లో అలాంటి పిల్ల బతుకు వంటింటి మూలలో ముగిసిపోవాలి. గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ప్రొఫెసరుగా ఉన్న తండ్రి పప్పు సుబ్బారావు అనుమతులు సంపాదించి అదే కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో చేర్పించాడు. ఆ కాలేజీలో చదివిన తొలి స్త్రీలు లలిత, పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జ్. వాళ్ల పట్టాల మీద ‘అతడు’ అని అచ్చయి ఉన్న చోట కొట్టేసి ‘ఆమె’ అని రాయవలసి వచ్చింది. లలిత తర్వాత కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరి భాక్రా నంగల్ ప్రాజెక్టు పనుల్లో పాలుపంచుకుంది.

ఆమె మొదటి మహిళా ఇంజినీరు అని పాఠ్యపుస్తకాల్లో రాయవచ్చు, రాయాలి కూడా. నేను చెప్పదలచుకున్నది దాని తర్వాతి భాగం. 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజినీర్లు, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సదస్సు జరిగింది. మన దేశంలో అప్పటికి మహిళా ఇంజినీర్ల సంఘమే లేదు కనుక ఏ సంఘం తరఫునా కాకుండా లలిత వ్యక్తిగత హోదాలో వెళ్లింది. లండన్‌లోని మహిళా ఇంజినీరింగ్ సొసైటీలో సభ్యత్వం తీసుకుంది. 1967లో కేంబ్రిడ్జిలో రెండో సదస్సు జరిగినప్పుడు దానికి భారతదేశం నుంచి ప్రతినిధిగా పనిచేసింది. ఉద్యోగం ఉంది, ఇల్లు గడుస్తోంది, పేరొచ్చింది, ఇంకేం కావాలి అనుకోలేదు. తనలాంటి స్త్రీలు ప్రపంచంలో ఎక్కడెక్కడ ఉన్నారో, ఏం చేస్తున్నారో తెలుసుకోవాలనుకుంది. తోటివాళ్లను వెతుక్కోవడం కూడా వృత్తిలో భాగమేనని ఆమెకు తెలుసు.

వెతుక్కోవడానికి ఆమెకు ఉత్తరాలూ ప్రయాణాలే దిక్కు. ఆ తర్వాతి తరానికి కంప్యూటర్ దొరికింది. 1987లో అమెరికాలో కంప్యూటర్ శాస్త్రజ్ఞుల సదస్సుకు హాజరైన అనితా బోర్గ్, అక్కడికి వచ్చిన గుప్పెడు మంది స్త్రీలతో మాట్లాడి, ఇళ్లకు చేరాక కూడా మాట్లాడుకోవడానికి ఈమెయిల్ మీద ‘సిస్టర్స్’ అనే బృందాన్ని మొదలుపెట్టింది. స్త్రీలకు మాత్రమే ప్రవేశం. సాంకేతిక ప్రశ్నలు, ఉద్యోగ సమాచారం, లాబ్‌లో ఎదురయ్యే అవమానాలు - అన్నీ అక్కడ చర్చకు వచ్చేవి. వెంటనే మగ సహోద్యోగులు వేరు కుంపటి ఎందుకని అడిగారు. ఉమ్మడి కుంపటి దగ్గర కూర్చోనివ్వని వాళ్లే వేరు కుంపటి ఎందుకని అడగడం మనకు అలవాటైన విషయమే. అమెరికాలో 1992లో మాట్లాడే బార్బీ బొమ్మ ఒకటి ‘లెక్కల క్లాసు కష్టం’ అని పలుకుతూ మార్కెట్లోకి వచ్చినప్పుడు, ఇతర మహిళా సంస్థలతో పాటు ఈ బృందం కూడా ఆందోళన చేసింది. కంపెనీ ఆ మాటను తీసేసింది. పక్కపక్క గదుల్లో ఉన్నా ఒంటరిగా ఉన్న స్త్రీలు, ఊళ్లు వేరైనా ఒక గొంతు అయ్యారు.

మన దగ్గర సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వచ్చింది. అంతకుముందు పెద్ద సంస్థలకే. మహిళా శాస్త్రవేత్తలు తమ కథలు తామే చెప్పుకున్న ‘లీలావతీస్ డాటర్స్’ పుస్తకం 2008లో వచ్చింది. రోహిణీ గోడ్‌బోలే, రామ్ రామస్వామి దాని సంపాదకులు. 2016లో ఆషిమా డోగ్రా, నందితా జయరాజ్ అనే ఇద్దరు యువ రచయిత్రులు దేశంలోని లాబ్‌లన్నీ తిరిగి అక్కడి స్త్రీల పనిని ఇంటర్నెట్‌లో రాయడం మొదలుపెట్టారు. 2020లో శృతి మురళీధర్, వైష్ణవి అనంతనారాయణన్ అనే ఇద్దరు జీవశాస్త్రవేత్తలు ‘బయస్‌వాచ్ ఇండియా’ ప్రారంభించారు. వాళ్లు చేసే పని చాలా సులువైనది, అందుకే చాలామందికి కంటగింపైనది. సదస్సుల ఆహ్వాన పత్రాలు తీసుకుని వక్తల్లో స్త్రీలెందరో లెక్కపెడతారు. ఆ రంగంలో పనిచేస్తున్న స్త్రీల శాతంతో పోల్చి ఆ లెక్కను అందరి ముందూ పెడతారు. అసలు ఆ శాతమైనా ఎంత? మన విజ్ఞాన, సాంకేతిక బోధకుల్లో స్త్రీలు సుమారు ఆరో వంతు అని వాళ్ల సర్వేలోనే తేలింది. అందులో కూడా వంతు దక్కని వేదికలు ఎన్నో!

‘అర్హులైన ఆడవాళ్లు దొరకలేదండీ’ అనేది నిర్వాహకులు ఎప్పుడూ చెప్పే సాకు. దీనికి జవాబుగా ‘500 విమెన్ సైంటిస్ట్స్’ అనే అంతర్జాతీయ బృందం 2018లో మహిళా శాస్త్రవేత్తల జాబితా ఒకటి తయారుచేసి, అందరికీ అందుబాటులో పెట్టింది. రంగం, దేశం చెబితే పేర్లు వస్తాయి. ఇక దొరకలేదనడానికి వీల్లేదు. వెతకలేదు అనాలి. అదే సంవత్సరం అక్టోబర్ 2న డోనా స్ట్రిక్‌లాండ్‌కు భౌతిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ బహుమతి అందుకున్న మూడో స్త్రీ ఆమె. ఆ ఉదయానికి వికీపీడియాలో ఆమెకు పేజీ లేదు. కొన్ని నెలల ముందు ఎవరో రాసి పెడితే ఆధారాలు చాలవని తిప్పికొట్టారు. అందరిదీ అనుకున్న చోట కూడా కాపలా ఎవరిదో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంతకూ ఈ పనంతా ఎవరు చేస్తున్నారు? జాబితాలు రాయడం, లెక్కలు తీయడం, కొత్తగా పిహెచ్‌డిలో చేరిన పిల్ల అర్ధరాత్రి పెట్టిన ప్రశ్నకు జవాబివ్వడం, వేధింపుకు గురైన అమ్మాయికి ఏ కమిటీకి ఎలా రాయాలో చెప్పడం - ఇవన్నీ చేస్తున్నది పగలు లాబ్‌లో పనిచేసి, సాయంత్రం ఇంటిపని ముగించుకుని కూర్చునే స్త్రీలే. అంటే మూడో షిఫ్టు. పదోన్నతి దరఖాస్తులో ఈ పని రాసుకోవడానికి ఒక్క గీత చోటు ఉండదు. మగ ప్రొఫెసర్ ఒక సొసైటీకి కార్యదర్శి అయితే అది ‘వృత్తికి చేసిన సేవ’. ఈమె మూడు వందల మంది అమ్మాయిల బృందాన్ని నడిపితే అది ‘ఫోన్‌లో కాలక్షేపం’. వంట, పిల్లల పెంపకం పనిగా లెక్కకు రావడానికి మనం ఎంత వాదించామో గుర్తు తెచ్చుకోండి. అదే వాదన లాబ్‌లోకి కూడా తీసుకుపోవలసి వచ్చింది.

ఈ బృందాల్లోకి రాగలుగుతున్నది ఎవరన్నది ఇంకా ఇబ్బంది పెట్టే ప్రశ్న. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. అప్పటికే పురుషుల్లో దాదాపు సగం మందికి అది అందింది. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ ఇంట్లో ఒకటే మంచి ఫోనుంటే అది ఎవరి జేబులో ఉంటుందో సర్వే చేయనక్కర్లేదు. జిల్లా కేంద్రంలో ఎం.ఎస్‌సి. చదివే అమ్మాయి పరిశోధన వైపు రావాలంటే ముందు ఆ ఫోను ఆమె చేతికి రావాలి, దాన్ని ఎవరూ తనిఖీ చేయని గంట ఒకటి దొరకాలి. దొరికినా అక్కడ నడిచేదంతా ఇంగ్లీషు. అదీ పాఠ్యపుస్తకాల ఇంగ్లీషు కాదు, కాన్వెంటు చదువుల వాళ్ల చమత్కారపు ఇంగ్లీషు. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్ల తప్పు రాస్తానేమోనన్న భయంతో ప్రశ్నను టైపు చేసి చెరిపేస్తుంది. వెబినార్లు నడిపే పెద్దలకు ఆ చెరిపేసిన ప్రశ్న ఎప్పటికీ కనిపించదు.

కులం సంగతి దాటవేస్తే ఈ మాటలన్నీ అబద్ధమవుతాయి. మన శాస్త్ర సంస్థల్లో పై మెట్లకు వెళ్లేకొద్దీ దళితులు, ఆదివాసులు ఎలా కనుమరుగవుతారో 2023 జనవరిలో ‘నేచర్’ పత్రిక లెక్కలతో చూపింది. ఒకే కాలేజీ, ఒకే సామాజికవర్గం, ఒకే గురువుగారి శిష్యులు - మన ‘నెట్‌వర్క్’లు తరచుగా ఇవే. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టళ్ల నుంచి వెళ్లగొట్టి, ఉమ్మడి స్థలాల్లో గుంపుగా తిరగకూడదన్నారు. వాళ్లలో ఒకరైన రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. కార్ల్ సేగన్‌లా సైన్సు రచయిత కావాలని కోరుకున్న కుర్రవాడు. నలుగురు కలిసే చోటు నుంచి మనిషిని వెలివేయడం ఎంత పెద్ద శిక్షో అంతకన్నా వేరే ఉదాహరణ అక్కర్లేదు. స్త్రీల బృందాలు కూడా ఈ ప్రశ్న తమను తాము వేసుకోవాలి. మన జాబితాల్లో ఇంటిపేర్లు ఎవరివి?

ఇక రక్షణ. 2019 ఏప్రిల్‌లో కృష్ణబిలం తొలి చిత్రం విడుదలైనప్పుడు, ఆ పనిలో పాల్గొన్న యువ శాస్త్రవేత్త కేటీ బౌమన్ ఫోటో ప్రపంచమంతా పాకింది. రెండు రోజులు తిరక్కుండానే ఆమె పేరుతో దొంగ ఖాతాలు వచ్చాయి. పనంతా ఒక మగ సహోద్యోగిదనీ ఆమె చేసింది ఏమీ లేదనీ ప్రచారం మొదలైంది. అది అబద్ధమని ఆ సహోద్యోగే బహిరంగంగా చెప్పవలసి వచ్చింది. రెండు వందల మందికి పైగా కలిసి చేసిన పనిలో ఏ మగవాడినీ ‘నీ వాటా ఎంత’ అని అడగలేదు. మన దేశంలో ఇంకా నీచమైనది జరిగింది. 2021 జూలైలో ఒకసారి, 2022 జనవరి 1న మరోసారి ముస్లిం స్త్రీల ఫోటోలు పెట్టి ‘వేలం’ వేశారు. ఆ రెండు యాప్‌లనూ పెట్టిన చోటు గిట్‌హబ్ - ప్రపంచమంతటా ప్రోగ్రామర్లు, శాస్త్రవేత్తలు తమ పనిని పంచుకునే వేదిక. అరెస్టయిన వాళ్లలో ఇంజినీరింగ్ విద్యార్థులు ఉన్నారు. ఆ వేదిక మీద రేపు తన ప్రోగ్రామ్ పెట్టవలసిన ముస్లిం అమ్మాయి ఏ ధైర్యంతో సొంత పేరు, ఫోటో పెట్టుకుంటుంది?

1997లో విశాఖ తీర్పు, 2013లో చట్టం వచ్చాయి. 2021లో రాజస్థాన్ హైకోర్టు, వేర్వేరు రాష్ట్రాల్లో పనిచేస్తున్న ఒకే బ్యాంకు ఉద్యోగుల మధ్య జరిగిన ఆన్‌లైన్ వేధింపును కూడా పనిస్థలంలో జరిగినదిగానే చూడాలని చెప్పింది. మంచి తీర్పు. అక్కడ ఇద్దరికీ యజమాని ఒక్కడే. వెయ్యిమంది సభ్యులున్న ఒక శాస్త్రీయ బృందానికి యజమాని ఎవరు? వేధించినవాడు వేరే దేశంలో ఉంటే ఆ అమ్మాయి ఎవరికి రాయాలి? ఇప్పుడు ఆ భారమంతా బృందాన్ని నడిపే స్త్రీ మీదే పడుతోంది. ఆమె వాణ్ణి తీసేస్తుంది, వాడు మరో పేరుతో వస్తాడు. సదస్సులకూ వెబినార్లకూ డబ్బిచ్చే సంస్థ ఏదైనా సరే, అక్కడ జరిగే వేధింపుపై ఫిర్యాదు ఎవరు వింటారో ముందే రాసిపెట్టాలన్న నియమం లేకపోతే ఈ తిప్పలు తప్పవు.

కట్టుకున్న ఇల్లు ఎవరి స్థలంలో ఉందన్నది కూడా చూసుకోవాలి. పదేళ్లకు పైగా శాస్త్రవేత్తలు ట్విట్టర్‌లో పరిచయాలు పెంచుకున్నారు. పత్రాలు చర్చించారు, ఉద్యోగాలు వెతుక్కున్నారు. 2022 అక్టోబర్‌లో ఒక కుబేరుడు దాన్ని కొన్నాడు. కాపలా సిబ్బందిని తొలగించాడు. 2023లో పరిశోధకులకు ఉచితంగా అందే సమాచారాన్ని ఆపేశాడు. దూషణలు పెరిగాయని చాలామంది స్త్రీలు వెళ్లిపోయారు, ఒకరు ఇటూ ఒకరు అటూ. ఏళ్ల తరబడి అల్లుకున్నది చెల్లాచెదురైంది. ఊరి రచ్చబండ అనుకుని కూర్చున్నాం, అది దొరగారి గడి ముందరి అరుగు అని తేలింది.

చదువుకునే పత్రాలదీ ఇదే కథ. జర్నళ్ల ధరలు భరించలేని దేశాల విద్యార్థుల కోసం కజకిస్తాన్‌కు చెందిన అలెగ్జాండ్రా ఎల్బక్యాన్ 2011లో మొదలుపెట్టిన సై-హబ్‌ను 2025 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ఆదేశాలతో మన దేశంలో ఆపేశారు. కేసు వేసింది బడా ప్రచురణ సంస్థలు. కేంద్ర ప్రభుత్వం 2024 నవంబర్‌లో ‘ఒకే దేశం - ఒకే చందా’ పథకానికి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. సుమారు 13,000 జర్నళ్లు, 6,300 సంస్థలు. సంతోషమే. కానీ మొదటి దశ ప్రభుత్వ సంస్థలకే. మన రెండు రాష్ట్రాల్లో సైన్సు చెప్పే స్త్రీలలో ఎంతోమంది ప్రైవేటు కాలేజీల్లో చాలీచాలని జీతాలకు పనిచేస్తున్నారు. వాళ్లకు ఈ తలుపూ లేదు, ఆ కిటికీ కూడా మూసేశారు. ‘ఆన్‌లైన్ ఉందిగా’ అన్న పెద్దమనుషులను అడగాలి - ఎక్కడ ఉంది?

2020లో కరోనా వల్ల సదస్సులన్నీ ఆన్‌లైన్‌కు మారాయి. వీసా, విమానం, హోటలు ఏవీ అక్కర్లేకుండా పిల్లల తల్లులు, వైకల్యం ఉన్నవాళ్లు, చిన్న ఊళ్ల విద్యార్థులు మొదటిసారి పెద్ద సదస్సుల్లో కూర్చున్నారు. అంతకుముందు వరకూ ‘సాంకేతికంగా సాధ్యం కాదు’ అన్నది రెండు వారాల్లో సాధ్యమైంది! అదే సంవత్సరం అనేక జర్నళ్లకు స్త్రీల నుంచి వచ్చే పత్రాలు మగవారితో పోలిస్తే వెనకబడ్డాయి. కారణం ఇల్లే. బడులు మూతపడ్డాయి, పనిమనుషులు రాలేదు, ఇంట్లో అందరికీ మూడు పూటలా వండాలి. అంటే తలుపు తెరుచుకుంది, ఆమె చేతులకు తీరిక లేదు. ఈ రెంటినీ కలిపి చూడనివాళ్లు ఆన్‌లైన్‌ను అయితే వరమనో, కాకపోతే మాయ అనో తేల్చేస్తారు. 2022 తర్వాత మళ్లీ పాత పద్ధతే వచ్చింది. చాలా సదస్సులు ఆన్‌లైన్ హాజరును ఖర్చు అని చెప్పి తీసేశాయి. స్త్రీ ప్రయాణ భత్యం అడిగినప్పుడు ఆన్‌లైన్ ఉంది, ఆన్‌లైన్‌లో హాజరవుతానంటే లేదు.

కాబట్టి మనం అడిగేవి రెండూ అడగాలి. ఒకదానికి బదులు ఇంకొకటి ఒప్పుకోకూడదు. ప్రయాణ ఖర్చులూ కావాలి, ఆన్‌లైన్ హాజరూ కావాలి. 50 మంది గానీ అంతకన్నా ఎక్కువ మంది గానీ పనిచేసే చోట క్రెష్ ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణ చెప్పింది, 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ నియమం ఉంది. మన విశ్వవిద్యాలయాల్లో ఎన్నింటిలో అది నడుస్తోందో అధ్యాపక సంఘాలు లేవనెత్తాలి. బృందాలు నడిపే పనిని పదోన్నతి లెక్కల్లో చేర్చాలి. లాబ్‌లో వారానికో గంట, పగటిపూట, పనివేళల్లో, ఇతర సంస్థల వాళ్లతో మాట్లాడుకోవడానికి కేటాయించాలి. అది రాత్రి పదకొండు తర్వాత చేసుకునే పని కాదు. తెలుగులో అడిగిన ప్రశ్నకు తెలుగులో జవాబిచ్చే బృందాలు కట్టుకోవడం మాత్రం మన చేతుల్లోనే ఉంది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఈలోగా ఒక చిన్న పని. మీ విశ్వవిద్యాలయంలోనో, పక్కనున్న పరిశోధనా సంస్థలోనో జరగబోయే సదస్సు ఆహ్వాన పత్రం సంపాదించండి. వక్తల్లో స్త్రీలెందరో లెక్కపెట్టండి. ఖర్చు ప్రభుత్వానిదైతే, వక్తలను ఎంపిక చేసిన కమిటీలో ఎవరున్నారు, గత అయిదేళ్లలో ప్రయాణ భత్యం ఎంతమంది స్త్రీలకు, ఎంతమంది పురుషులకు ఇచ్చారు, ఆన్‌లైన్ హాజరుకు ఏర్పాటుందా, వేధింపు ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి అని 2005 సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. కేంద్ర సంస్థలకైతే దరఖాస్తు రుసుము 10 రూపాయలు.